అతడి కోసం ఏడ్చినందుకు సంజాయిషీ అక్కర లేదు

ప్రశ్న: మూడేళ్ళుగా ధారావాహికగా వస్తున్న ఒక నవలను మొదటి భాగం నుంచీ విడవకుండా చదువుతున్నాను. నియంత పాలన నడుస్తున్న కాలం నాటి కథ అది. అందులో ఒక శిష్యుడు, అజ్ఞాతంలో ఉన్న తన గురువును తానే పోలీసులకు పట్టిస్తాడు. చెరలో ఉన్న తమ్ముణ్ణి విడిపించుకోవడానికి అతడికి వేరే దారి లేకపోయింది. గురువును చంపేస్తారు. ఆ తరువాత మరో ఇద్దరి పేర్లు కూడా చెప్పాల్సి వచ్చింది, కానీ అప్పటికే అతడు ప్రాణభయంతో బతుకుతున్నాడు. గురువుగారు కూడా అతణ్ణి ఏనాడూ పూర్తిగా నమ్మలేదు. నమ్మి ఉంటే కథ ఇంకోలా ఉండేది. గురువు చనిపోయిన భాగం చదివిన రాత్రి నాకు కన్నీళ్ళు రాలేదు. అతడు ఆ ఖాళీ ఇంటికి తిరిగి వచ్చి గురువుగారి కళ్ళద్దాలు తుడిచిపెట్టిన భాగం చదివి మాత్రం తెల్లవార్లూ ఏడ్చాను. నాతోపాటే ఈ నవల చదివే నా స్నేహితురాలు "ద్రోహిని వెనకేసుకొస్తున్నావు" అంది. మాటా మాటా పెరిగింది. నెల రోజులుగా మా మధ్య సరిగా మాటల్లేవు. రెండేళ్ళ క్రితం ఆమె ఎంతో నమ్మిన సహోద్యోగి ఒకరు ఆమెను దెబ్బతీశారు గానీ, దానికీ దీనికీ సంబంధం లేదనుకుంటాను. "ఇలాంటివాడు నిజంగా ఎదురైతే నీ గతేమిటో" అని ఆమె అన్న మాట నన్ను వదలడం లేదు. ద్రోహం చేసినవాడి మీద ఇంత జాలి కలగడం నా మనసులోని లోపమా? నాలోనూ అలాంటి గుణమేదో దాగి ఉందా? చివరి భాగం వచ్చే నెల రానుంది. చదవాలంటేనే భయంగా ఉంది.

— పేరు వద్దన్న ఒక పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరం ఆరు పేజీలు ఉంది. దానిని కుదించి, ఇంకా ముగియని నవల కాబట్టి పాత్రల పేర్లు తీసేసి, పైన ఇచ్చాను. జవాబు రాసే ముందు ఆ నవలలో ఇంతవరకు వచ్చిన భాగాలన్నీ తెప్పించుకుని చదివాను. మీరు చెప్పింది నిజమో కాదో తేల్చడానికి కాదు. ఏడ్చిన మనిషికి జవాబు రాస్తూ, ఏడిపించిన పుటలు చూడకుండా రాయడం మర్యాద కాదనిపించింది. అతడు కళ్ళద్దాలు తుడిచే చోట నాకూ గొంతు పట్టుకుంది. కాబట్టి లోపమంటూ ఏదైనా ఉంటే అందులో నాకూ వాటా ఉంది.

లోపం కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మిగిలిన జవాబంతా మీరు తీరిగ్గా చదవాలని నా కోరిక. పూర్తిగా మంచివాడు కష్టాలపాలైతే మనకు రోత పుడుతుందనీ, పరమ దుర్మార్గుడు పతనమైతే జాలి పుట్టదనీ, ఈ రెంటికీ నడుమన ఉండి, దుర్మార్గం వల్ల కాక ఏదో పొరపాటు వల్ల కూలిపోయిన మనిషే విషాద నాటకానికి తగిన నాయకుడనీ అరిస్టాటిల్ క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దంలోనే చెప్పాడు. నడిమి మనిషి మీద మనకు జాలితోపాటు భయం కూడా కలుగుతుందన్నది ఆయన మాటలో అసలు సంగతి. ఆ స్థానంలో నేనుంటే ఏం చేసి ఉండేవాణ్ణో, ఏం చేసి ఉండేదాన్నో అన్న భయం అది. మీ ఉత్తరం నిండా ఉన్నది ఆ భయమే. దానిని మీరు మీ గుణం మీద అనుమానంగా చదువుకున్నారు.

ఇప్పుడు కన్నీళ్ళ లెక్క చూద్దాం. గురువు మరణానికి రాని ఏడుపు శిష్యుడి పశ్చాత్తాపానికి ఎందుకు వచ్చిందన్నది మిమ్మల్ని బాగా కుదిపినట్టుంది. నేను ఆ రెండు భాగాలనూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. గురువు మరణం రెండు వాక్యాలలో అయిపోతుంది. అది కూడా మనం కళ్ళారా చూడం; మర్నాడు ఒక కానిస్టేబులు మరొకడితో అంటుండగా వింటాం. శిష్యుడు ఖాళీ ఇంటికి తిరిగి రావడానికి మాత్రం రచయిత నాలుగు పుటలు ఇచ్చారు. తలుపు గొళ్ళెం చల్లగా తగలడం దగ్గర నుంచి, బల్ల మీది కళ్ళద్దాలలో ఎడమవైపు అద్దానికి వేలిముద్ర అంటి ఉండడం, అది ఎవరి వేలిముద్రో అతడికి తెలియడం, తుడవబోయి ఆగి, కుడి అద్దం ఒక్కటే తుడిచి, ఎడమ అద్దాన్ని అలాగే వదిలిపెట్టడం వరకు, ప్రతి కదలికా మనం అతడి చర్మంలో దూరి చూస్తాం. మీరు "కళ్ళద్దాలు తుడిచిపెట్టాడు" అని రాశారు. కాదు, ఒకటే తుడిచాడు. రెండోది తుడవలేకపోవడమే మిమ్మల్ని ఏడిపించింది.

దీపం ఎటు తిప్పితే మన చూపు అటే పోతుంది. సినిమా సిద్ధాంతం మీద పనిచేసిన మరే స్మిత్ 1995లో దీనిని చక్కగా విడదీసి చెప్పాడు: ఒక పాత్ర వెంట నడవడం, అతడికి తెలిసింది తెలుసుకుంటూ అతడు చూసింది చూస్తూ ఉండడం ఒకటి, అతడు చేసింది తూచి చూసి అతడి పక్షాన నిలబడడం మరొకటి. మొదటిది చాలావరకు రచయిత చేతిలో ఉంటుంది. రెండోదానికి మన తీర్పు కావాలి. అయితే చాలాకాలం ఒకరి వెంట నడిచాక, నడవడమూ పక్షం వహించడమూ ఒకటే అన్నట్టు అనిపిస్తుంది. మీరు అతడి వెంట మూడేళ్ళు నడిచారు. అతడి తమ్ముడి జ్వరం మీకు తెలుసు, అతడి తల్లి ఉత్తరాలు మీకు తెలుసు, అతడికి ఏ చెప్పు కరుస్తుందో కూడా తెలుసు. గురువుగారి గురించి మీకు తెలిసిందల్లా శిష్యుడికి తెలిసినంత మేరకే. ఇంత పరిచయం ఉన్నవాడి కోసం కన్నీళ్ళు వచ్చి, అంత పరిచయం లేనివాడి కోసం రాకపోవడం రచయిత నేర్పుకు నిదర్శనం. మీ నీతికి దానితో పని లేదు.

కావ్యశాస్త్రం రాసిన మన అలంకారికులు ఇంతకంటే లోతుగా వెళ్ళారు. రంగస్థలం మీది శోకం ఫలానా వ్యక్తి శోకంగా కాక అందరికీ చెందిన శోకంగా మారినప్పుడే సహృదయుడు, అంటే మనసు పెట్టి చూసే ప్రేక్షకుడు, దానిని రసంగా ఆస్వాదించగలడన్నారు. వారిలో ఒకడైన భట్టనాయకుడు దానికి సాధారణీకరణమని పేరు పెట్టాడు. కళ్ళద్దాల దగ్గర మీరు ఏడ్చింది ఒక ద్రోహి కోసమేనని నేను అనుకోను. చేయకూడనిది చేసి, ఇక దిద్దుకోలేని స్థితిలో నిలబడిన ఎవరి కోసమైనా వచ్చే ఏడుపు అది. అలాగని అలంకారికులు ఏ భావమైనా సరే అని ఊరుకోలేదు. రావణుడికి సీత మీద పుట్టిన కోరిక ఎంత గొప్ప శ్లోకంలో వర్ణితమైనా దానిని శృంగారమనక శృంగారాభాసమన్నారు, అంటే శృంగారంలా కనిపించేదే గానీ శృంగారం కాదని. అనుభూతి కలగడాన్ని వారు తప్పు పట్టలేదు. కలిగిన అనుభూతికి సరైన పేరు పెట్టమన్నారు. మీకు కలిగింది జాలి. దాని పేరు మార్చి న్యాయం అని పిలవడం మొదలుపెట్టిన చోటే మీ స్నేహితురాలితో మీకు చిక్కు వచ్చింది.

అదెక్కడ జరిగిందో మీ మాటల్లోనే చూపిస్తాను, నొచ్చుకోకండి. "వేరే దారి లేకపోయింది" అన్నారు. మూడో భాగంలో అతడికి ఒక దారి ఉంది: తమ్ముడు చిక్కిన సంగతి గురువుకు చెప్పి, ఇల్లు మారేందుకు ఒక్క రాత్రి గడువివ్వడం. ఆ ఆలోచన అతడికే వచ్చింది. దానివల్ల తమ్ముడు దక్కుతాడన్న నమ్మకం లేక వదిలేశాడు. అంటే దారి లేక కాదు, ఉన్న దారి ఖరీదెక్కువై. రెండోది, "మరో ఇద్దరి పేర్లు కూడా చెప్పాల్సి వచ్చింది, కానీ" అన్నారు. "చెప్పాడు" అనకుండా "చెప్పాల్సి వచ్చింది" అన్నారు చూడండి, చేసినవాడు వాక్యంలోంచి మెల్లగా తప్పుకున్నాడు. అప్పటికి తమ్ముడు విడుదలై ఇంటికి వచ్చి పదిహేను రోజులైంది. మొదటి ద్రోహాన్ని కప్పిన దుప్పటి రెండోదాని దాకా సాగదు; మీ "కానీ" దానిని బలవంతంగా లాగి కప్పుతోంది. మూడోది, "గురువుగారు కూడా అతణ్ణి పూర్తిగా నమ్మలేదు" అన్న మాట. ఇది మొదటి రెండింటికంటే బరువైనది, ఎందుకంటే ఇక్కడ చనిపోయినవాడు తన చావులో భాగస్వామి అయిపోయాడు.

మనిషి తన తప్పును తాను భరించగలిగేలా ఎలా మలుచుకుంటాడో ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త చాలాకాలం పరిశీలించాడు. చేసినదానికి మెత్తని పేరు పెట్టడం, బాధ్యతను పరిస్థితి మీదికో పైవాడి మీదికో నెట్టడం, జరిగిన హానిని చిన్నది చేసి చూడడం, చివరికి హాని పొందినవాడినే తప్పుపట్టడం అతడు చెప్పిన పద్ధతుల్లో కొన్ని. కథలు చదివేవాళ్ళు, చూసేవాళ్ళు తమకు నచ్చిన పాత్ర తరఫున కూడా ఇవే పనులు చేస్తారని ఆ తరువాతి పరిశోధకులు గమనించారు. మీ వాక్యాలలో ఇవి చాలావరకు ఉన్నాయి. విచిత్రమేమిటంటే, నవలలో ఆ శిష్యుడు ఈ మాటలేవీ అనడు. "నాకు వేరే దారి లేదు" అని అతడు ఎక్కడా చెప్పుకోలేదు. ఆ మాట అనలేకపోవడమే అతడి నరకం. అతడు తనకు ఇచ్చుకోని క్షమను అతడి తరఫున మీరు సంతకం పెట్టి పుచ్చుకున్నారు.

ఈ రోగం నాకు బాగా తెలుసు. పదిహేనేళ్ళ వయసులో నేను కర్ణుడి పక్షాన మా ఇంట్లో పెద్ద వకీలుని. పుట్టగానే నీటిపాలైనవాడు, విద్య అడిగితే కులం అడిగించుకున్నవాడు, ఒంటి మీది కవచాన్ని కోసి ఇచ్చినవాడు, వాడి మీద ఎవరు మాట తూలినా ఊరుకునేదాన్ని కాదు. ఒకసారి మా అన్నయ్య తాపీగా అడిగాడు: "సరే, సభలో ద్రౌపదిని వేశ్య అన్నదీ, ఆమె వస్త్రాలు, పాండవుల వస్త్రాలు లాగమన్నదీ కర్ణుడే కదా, దానికేమంటావు?" నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. స్వయంవరంలో ఆమె అతణ్ణి సూతపుత్రుణ్ణి వరించనని అందరి ముందూ అవమానించింది కదా అన్నాను. మా అన్నయ్య, "అయితే? పెళ్ళికి కాదన్న ఆడదాన్ని సభలోకి ఈడిస్తే సరిపోయిందా?" అని లేచిపోయాడు. వాదంలో ఓడిపోయినట్టు అనిపించలేదు గానీ, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

చాలా ఏళ్ళ తరువాత, పూనాలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ వారు దేశమంతటి రాతప్రతులను పోల్చి 1966 నాటికి పూర్తిచేసిన మహాభారత పరిష్కృత ప్రతి గురించి చదువుతుంటే, ద్రౌపది అన్న ఆ మాట చాలా కొద్ది రాతప్రతులలోనే ఉండడంవల్ల దానిని మూలపాఠంలోకి తీసుకోకుండా పక్కన పెట్టారని తెలిసింది. దానిని ఎవరు, ఎందుకు చేర్చారో ఊహించే సాహసం నేను చేయను. నా వంటి అభిమానికి ఆ ఒక్క వాక్యం ఎంత అక్కరకు వచ్చిందో మాత్రం నాకు తెలుసు. సభలో జరిగినదానికి ముందెక్కడో ఆమెవైపు నుంచి ఒక తప్పు కావాలి. లేకపోతే నా ప్రేమ నిలబడదని భయం. ఆ భయమే తప్పని తేల్చినవాడు కూడా కర్ణుడే. ఉద్యోగపర్వంలో శ్రీకృష్ణుడు అతడి జన్మరహస్యం చెప్పి, రాజ్యం నీదే రమ్మని పిలిచినప్పుడు రాననే అంటాడు గానీ, దుర్యోధనుడి మెప్పు కోసం పాండవులను పరుషంగా మాట్లాడినందుకు ఇప్పుడు పరితపిస్తున్నానని తానుగా ఒప్పుకుంటాడు. స్వయంవరం పేరెత్తడు, అవమానం మాట ఎత్తడు. ముద్దాయే నేరం ఒప్పుకున్నాక వకీలు ఇంకా వాదిస్తూ నిలబడడం ఎంత హాస్యాస్పదమో అప్పుడు గ్రహించాను. ఇంకొంచెం ఆగి చూస్తే, ఆ ఒప్పుకోలులో కూడా పాండవులను అన్న మాటలే ఉన్నాయి, ద్రౌపది పేరు లేదు. కర్ణుడి మీద నాకున్న ప్రేమ ఈ రోజుకీ పోలేదు. ఆ వాక్యంలో ఆమె పేరు లేదన్న సంగతి కూడా నన్ను వదిలిపోలేదు. రెండూ ఒకే మనసులో ఇమిడి ఉన్నాయి, ఒకదానికొకటి చోటిస్తూ.

మీ ఆరు పేజీలలో శిష్యుడి పేరు ఇరవై మూడు సార్లు ఉంది. గురువుగారి కూతురి ప్రస్తావన రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ "గురువుగారి కూతురు" అనే. తండ్రి శవాన్ని అప్పగించించుకోవడానికి ఆ అమ్మాయి ఠాణా మెట్ల మీద ఒక పగలంతా కూర్చున్న సన్నివేశాన్ని రచయిత ఒక్క పేరాలో దాటేశారు. మీరు అది కూడా దాటేశారు. నేను మిమ్మల్ని కోరేది అతడి మీద జాలి తగ్గించుకోమని కాదు. దానిని అలాగే ఉంచుకుని, ఆమె కూర్చున్న ఆ మెట్ల దగ్గరికి ఒకసారి వెళ్ళిరండి. పుస్తకం మూసి, ఆ పగలు ఆమెకు ఎలా గడిచి ఉంటుందో, ఎవరైనా నీళ్ళిచ్చారో లేదో, లోపలి నుంచి శిష్యుడు కిటికీలోంచి ఆమెను చూసి ఉంటాడో లేదో మీరే ఊహించి ఒక పుట రాయండి. ఇలాంటి పని చెబితే బడి పిల్లల వ్యాసరచనలా ఉందని నవ్వుకుంటారేమో గానీ, నేను నా కర్ణుడి విషయంలో చేశాను కాబట్టి చెబుతున్నాను. రచయిత దీపం తిప్పని వైపు పాఠకుడు తన చేతి దీపం పట్టుకు పోవచ్చు. ఆ పుట రాశాక కూడా కళ్ళద్దాల సన్నివేశం మిమ్మల్ని ఏడిపిస్తే నిశ్చింతగా ఏడవండి. నా అనుభవంలో ఆ ఏడుపు ఇంకాస్త చిక్కబడుతుంది, ఎందుకంటే అతడు తుడవలేకపోయిన వేలిముద్ర ఎవరి తండ్రిదో అప్పుడు మీకు తెలిసి ఉంటుంది.

మీలో ఆ గుణం ఉందా అన్నది రెండో ప్రశ్న. ఉండవచ్చు. తనవాళ్ళు ఆపదలో ఉంటే పరాయివాళ్ళ ప్రాణం తేలికగా కనిపించే గుణం చాలామందిలో ఉంటుంది; పరీక్ష రాకపోవడంవల్ల చాలామంది గౌరవంగా బతికేస్తున్నాం. రెబెకా క్రాస్, డెరెక్ రకర్ అనే ఇద్దరు పరిశోధకులు 2020లో ప్రచురించిన ఒక పరిశీలనలో, తమతో పోలికలున్న ప్రతినాయకుల వైపు మనుషులు ఎక్కువగా ఆకర్షితులవుతారనీ, అదే పోలిక నిజజీవితంలోని చెడ్డవాడితో అయితే దూరం జరుగుతారనీ, కథ అన్న తెర అడ్డం ఉండడంవల్లనే ఆ పోలికను తమ గురించి తాము పెట్టుకున్న మంచి అభిప్రాయానికి దెబ్బ తగలకుండా చూడగలుగుతారనీ తేల్చారు. అంటే మీకు అతడిలో మీ పోలిక కనిపించి ఉంటే అది వింత కాదు. తమ్ముడి విషయం రాస్తున్నప్పుడు మీ అక్షరాలు పెద్దవయ్యాయి. మీకూ అలాంటి తోబుట్టువు ఉన్నారేమో నాకు తెలియదు, అడగను కూడా. అతడిలో ఏ ఒక్క పోగు మీదో మీరే పట్టుకోండి. ద్రోహమే అయి ఉండనక్కర లేదు. నావరకు కర్ణుడిలో నచ్చింది దానమూ కాదు, శౌర్యమూ కాదు. తనను మొదట మనిషిగా చూసినవాడు తప్పు చేస్తున్నాడని తెలిసినా వదలలేని ఆ బలహీనత. అది నాకూ ఉంది. దానివల్ల కొన్ని చెడ్డ స్నేహాలను ఉండాల్సినదానికంటే ఎక్కువకాలం మోశాను.

ఇక మీ స్నేహితురాలి మాట: "ఇలాంటివాడు నిజంగా ఎదురైతే నీ గతేమిటో." ఇందులో కొట్టిపారేయరాని సంగతి ఒకటి ఉంది. నవలలో అతడి పశ్చాత్తాపం మీకు సందేహం లేకుండా తెలుసు, ఎందుకంటే అతడు ఒంటరిగా ఉన్నప్పుడు, ఎవరూ చూడనప్పుడు, అద్దం తుడవబోయి ఆగినప్పుడు మీరు అక్కడ ఉన్నారు. అతడి లోపలి మాటకు రచయితే సాక్షి, ఆ సాక్ష్యంలో అబద్ధం లేదు. నిజజీవితంలో ద్రోహం చేసినవాడి ఒంటరి రాత్రిని మనం ఎన్నడూ చూడలేం. అతడు మన ముందుకు వచ్చి ఏడిస్తే, ఆ ఏడుపుకు ప్రేక్షకులు ఉన్నారు. ఆ ప్రేక్షకులం మనమే. కాబట్టి అక్కడ లోపలి మాట కోసం కాక బయటి పని కోసం చూడాలి: తీసుకున్నది తిరిగి ఇచ్చాడా, నష్టపోయిన మనిషి పేరు తన నోటితో పలికాడా, క్షమించమని తొందరపెడుతున్నాడా, ఆ మనిషి ఇక చాలనే దాకా ఆగగలుగుతున్నాడా. కథలో ఉదారంగా ఉండేవారు నిజజీవితంలో మోసపోతారన్న భయం నాకు లేదు. కథ ఇచ్చే సాక్ష్యాన్నే మనిషి కూడా ఇస్తాడనుకుంటే మాత్రం మోసపోతారు.

ఇప్పుడు మీరు ఒక్క వాక్యంలో దాటేసిన సంగతికి వస్తాను. రెండేళ్ళ క్రితం సహోద్యోగి ఒకరు ఆమెను దెబ్బతీశారనీ, దానికీ దీనికీ సంబంధం లేదనీ రాశారు. ఉంది. మీరు శిష్యుడి వెంట నడుస్తూ ఆ నవల చదివితే, ఆమె ఆ మెట్ల మీద కూర్చుని చదువుతోంది. మీరు "అతడికి వేరే దారి లేదు" అన్నప్పుడల్లా ఆమెకు వినిపించింది నవల గురించిన మాట కాదు; తనను ముంచిన మనిషికి కూడా ఏదో కారణం ఉండే ఉంటుందని, తాను కూడా అతణ్ణి సరిగా నమ్మి ఉండకపోవచ్చని తన ప్రాణస్నేహితురాలే అంటున్నట్టు వినిపించింది. అందుకే ఒక పాత్ర గురించి అంత కోపం. ఈ సంగతి ఆమెకు కూడా స్పష్టంగా తెలిసి ఉండకపోవచ్చు. కాబట్టి వెళ్ళి, "నీ కోపానికి కారణం అది కదూ" అని విప్పి చెప్పకండి. అలా చెప్పించుకోవడం ఎవరికీ ఇష్టముండదు.

ఆమె దగ్గరికి వెళ్ళేటప్పుడు నవల తీసుకుపోకండి. శిష్యుడి తరఫున మీరు చేసిన వాదనలో మీకే తప్పనిపించిన ఒక్క మాటను, ఉదాహరణకు గురువుగారు నమ్మి ఉంటే అన్నదాన్ని, వెనక్కి తీసుకోండి. "ఆ మాట అనకుండా ఉండాల్సింది" అంటే చాలు. "కానీ" చేర్చకండి; మీకు ఆ మాట మీద మక్కువ ఎక్కువ. తరువాత, వీలు చూసుకుని, రెండేళ్ళ క్రితం జరిగినది మొదటి నుంచి చెప్పమని అడగండి. బహుశా అప్పట్లో ఆమె చెప్పినప్పుడు మీరూ ఆ ఎదుటి మనిషికి ఏం కష్టం వచ్చిందో అని ఒక్కమాట అని ఉంటారు; జాలి గుండె ఉన్నవాళ్ళకు ఆ అలవాటు ఉంటుంది, నాకూ ఉంది. ఈసారి ఆ మనిషి వైపు చూడకుండా ఆమె వైపే చూస్తూ వినండి. ఆమె చెప్పడం ముగించాక నవల మాట ఆమె ఎత్తితే ఎత్తనివ్వండి, లేదంటే వదిలేయండి. మీకు ఆ పాత్ర మీద ఉన్న ఇష్టాన్ని ఆమె ఆమోదించాల్సిన పని లేదు. ఒకే పుస్తకాన్ని ఇద్దరు స్నేహితులు రెండు వైపుల నుంచి చదివితే ఆ పుస్తకానికి వచ్చిన నష్టం ఏమీ ఉండదు.

చివరి భాగం గురించి భయపడుతున్నారు. రచయిత అతణ్ణి చంపుతారేమోనన్న భయమా, క్షమిస్తారేమోనన్న భయమా మీ ఉత్తరంలో తేలలేదు. ఏది చేసినా మీరు మూడేళ్ళు పెట్టుకున్న జాలి చెల్లని నాణెం అయిపోదు. శిక్ష పడితే మీరు తప్పు మనిషిని ప్రేమించినట్టు కాదు, క్షమ దొరికితే మీ వాదం గెలిచినట్టూ కాదు. ఒకవేళ రచయిత మరీ సులువుగా క్షమించేస్తే కోపం తెచ్చుకునే హక్కు అందరికంటే ముందు మీకే ఉంది, ఎందుకంటే అతడు తనను ఎంత కఠినంగా చూసుకున్నాడో దగ్గరుండి చూసినవారు మీరు.

అది వచ్చేలోగా ఆ ఒక్క పుట రాయండి. "గురువుగారి కూతురు" అని మొదలుపెట్టకండి. రచయిత ఆమెకు పేరు పెట్టారు. పదకొండో భాగంలో, వాన పడే ముందు ఆరేసిన బట్టలు తీయమని తల్లి లోపలి నుంచి పిలిచినప్పుడు, ఒకే ఒక్కసారి వస్తుంది. వెతికితే దొరుకుతుంది.